రెసిడెన్సీలో రూములు లేవు

రెసిడెన్సీ అంటే లాడ్జి అనుకున్నవాణ్ణి నేనే. ఈ మాట మీకు ఇంకొకరు చెప్పకముందే నేనే ఒప్పేసుకుంటే కాస్తంత పరువు మిగులుతుందేమోనని ఆశ. మా కర్నూలు చిత్రకారుల కేంద్రానికి ఈ మధ్య వస్తున్న పిల్లలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఏ దేశంలో ఏ రెసిడెన్సీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో చకచకా చెబుతుంటారు. "సార్, మనకు మొట్టమొదటి రెసిడెన్సీ ఎట్ల వచ్చింది?" అని వాళ్లు అడిగినప్పుడల్లా నాకు దాహం వేసేది. నేను మంచినీళ్లు తాగి వచ్చేలోపు వాళ్లు వేరే సంగతిలో పడిపోయేవారు. ఈమధ్య డాక్టరు నీళ్లు తగ్గించమన్నాడు. ఇక చెప్పక తప్పదు.

నా తరఫున వాదించేందుకు నాకు ఒక్కటే సాక్ష్యం ఉంది. రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో మీరు కర్నూలు బస్టాండులో దిగి చుట్టూ చూసి ఉంటే, ఎటు చూసినా ఏదో ఒక రెసిడెన్సీ. పేరు కింద ఏసీ, నాన్ ఏసీ, ఉదయం వేడినీళ్లు. ఆ మాటకు మంచం, బకెట్టు, మగ్గు తప్ప ఇంకో అర్థం ఉంటుందని చెప్పే బోర్డు ఊరు మొత్తం మీద ఒక్కటి లేదు. నేనేమో బోర్డులు రాసేవాళ్ల మధ్య బతికి, బోర్డులు చూసి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి.

ఉద్యోగం హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. పుట్టింది కడప పక్కన. కడప దాటి కర్నూలు వచ్చానే గాని, ఆ తర్వాత ఏ గడపా దాటలేదు. నాలాంటి డ్రాయింగ్ మాస్టర్లు, బోర్డులు రాసేవాళ్లు, ఆళ్లగడ్డ నుంచి వచ్చే ఇద్దరు శిల్పులు, అందరం కలిసి ఒక పాత పత్తి గోడౌనులో ఆదివారాలు పని చేసుకునేవాళ్లం. గోడౌను ఒక శెట్టిగారిది. ఆయన బొమ్మలు వేయడు, కానీ బొమ్మలు వేసేవాళ్ల మధ్య కూర్చుని వేరుశనక్కాయలు తినడమంటే ఇష్టం. మాకు పైన అధికారి లేడు, కింద నౌకరు లేడు. ఊడ్చేదీ మేమే, తీర్మానాలు చేసేదీ మేమే, మరుసటి ఆదివారం ఆ తీర్మానాలను ఊడ్చేసేదీ మేమే. కార్యదర్శిని నేను. కార్యం చేయకుండా ఊరికే దర్శించేవాడు కార్యదర్శి అని మా భాయ్ అర్థం చెప్పేవాడు.

భాయ్ అంటే మా సినిమా బ్యానర్ పెయింటరు. నాకన్నా రెండు మూడేళ్లు చిన్న. వన్‌టౌన్‌లో పుట్టి, పరంజా మీద పెరిగాడు. థియేటరు ముందు నిలువెత్తు హీరో కనుబొమను ఆయన ఒక్క ఊపులో లాగుతుంటే కింద రిక్షాలు ఆగిపోయేవి. తర్వాత ఊళ్లోకి ఫ్లెక్స్ మిషను వచ్చింది. పొద్దున ఫోటో ఇస్తే మధ్యాహ్నానికి హీరో తయారు. కుంచె పట్టిన చేతికి కొంచెం పని కూడా మిగల్లేదు. భాయ్ వెళ్లి తమ్ముడి చెప్పుల దుకాణంలో కూర్చున్నాడు. ఆదివారాలు రావడం కూడా మానేశాడు. పిలవడానికి వెళితే, "మనిషి నడిచొస్తాంటేనే కాలి సైజు చెప్తాండా సార్. ముఖాలు మర్చిపోయినా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆయన గీసిన ఆఖరి బ్యానరు దగ్గరే ఈ కథకు బీజం పడింది. బెలుం గుహలు చూడ్డానికి బయల్దేరిన ఒక విదేశీ చిత్రకారిణి, బస్సు మారడానికి కర్నూలులో దిగి, పరంజా మీద భాయ్‌ని చూసి, గుహల సంగతి మరచిపోయి పూట పూటంతా ఎండలో నిలబడిపోయింది. ఎక్కడో మంచు కురిసే దేశం ఆమెది. అక్కడ ఆమె, ఆమె స్నేహితులు కలిసి మూతపడిన పాలఫ్యాక్టరీలో మాలాంటి కేంద్రమే నడుపుతున్నారట. నేను నా ఈమెయిలు రాసిచ్చాను. ఏడాది తర్వాత నెట్ సెంటర్‌లో కూర్చుని చూస్తే ఆమె దగ్గర్నుంచి ఉత్తరం. మీ కేంద్రంతో మా కేంద్రం ఆర్టిస్ట్ రెసిడెన్సీ పార్ట్‌నర్‌షిప్ పెట్టుకోవాలనుకుంటోంది, మీకు ఇష్టమేనా అని.

రెసిడెన్సీ అంటే ఏమిటో నాకు తెలుసు. పార్ట్‌నర్‌షిప్ అంటే ఏమిటో శెట్టిగారికి తెలుసు. ఇద్దరి తెలివీ కలిసేసరికి అతితెలివి అయింది.

"చిత్రకారుల కోసం లాడ్జి పెడదామంటాండారు. పొత్తు వ్యాపారం" అన్నాను నేను.

శెట్టిగారు వేరుశనక్కాయ నోట్లో వేసుకోబోయి ఆగారు. "గోడౌను మనది, గిరాకీ వాళ్లది. ఇంకేం కావల్లప్పా! అట్లే కానీమని రాయి."

రాశాను. ప్లైవుడ్డు అడ్డం పెట్టి నాలుగు రూములు చేయగలమనీ, వేడినీళ్లు ఉదయం పూటే దొరుకుతాయనీ, పక్కన మెస్సు ఉందనీ, పేకాట నిషేధమనీ, చెకౌట్ ఇరవై నాలుగు గంటలనీ రాశాను. రెండో రోజే జవాబు వచ్చింది. ఇంత స్పష్టంగా వివరాలు రాసిన కేంద్రాన్ని తాము ఇంతవరకు చూడలేదట. కాకపోతే తమ కళాకారులు మామూలుగా రెండు నెలలు ఉంటారట. ఇరవై నాలుగు గంటలంటే కొంచెం తక్కువేమోనని సందేహమట.

"రెండు నెలలు ఖాళీ చేయని గిరాకీ యాడ దొరుకుతాది!" అని శెట్టిగారు ఎగిరి గంతేశారు. ఆ శరీరంతో గంతేయడం అంత సులభమేమీ కాదు.

వారంలో ప్లైవుడ్డు లేచింది. మంచాలు వచ్చాయి. చెప్పుల దుకాణం నుంచి భాయ్‌ని బతిమాలి తీసుకొచ్చి బోర్డు రాయించాను. 'ఇంటర్నేషనల్ ఆర్టిస్ట్ రెసిడెన్సీ'. చెప్పుల దుకాణానికి పోకముందు పదేళ్లూ ఆయన గీసినవన్నీ కత్తుల సినిమాలు, సుమోలు గాల్లోకి లేచే సినిమాలు. అలవాటు కొద్దీ అక్షరాల చుట్టూ మంటలు వచ్చాయి, కింద నెత్తురు కారింది. చూసేవాళ్లకు ఇది బస చేసే చోటో, బలి ఇచ్చే చోటో తెలిసేది కాదు. అయినా జనం వచ్చారు! శివరాత్రి దగ్గరపడింది. మహానందికి, శ్రీశైలానికి పోయేవాళ్లతో ఊళ్లో లాడ్జీలన్నీ నిండిపోయాయి. రోజూ ఎవరో ఒకరు సంచి దించి, "రూములుండాయా?" అని అడిగేవాళ్లు. "ఫారిన్‌వాళ్లకే" అని నేను గర్వంగా చెప్పి పంపేవాణ్ణి.

మూడో ఉత్తరం నాకు మింగుడు పడలేదు. రెండు నెలలు తమ మనిషి ఇక్కడికి వస్తే, రెండు నెలలు మన మనిషి అక్కడికి రావాలట. లాడ్జి యజమాని వెళ్లి గిరాకీ ఇంట్లో ఉండటమేమిటి? ప్రింటు తీసుకుని స్కూల్లో ఇంగ్లీషు టీచరుకు చూపించాను. నందికొట్కూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది ఆమె. వాళ్ల నాయన చర్చిలో బైబిలు చదివేవాడట, అందుకేనేమో ఏ కాగితాన్నైనా మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివేది.

చదివి, అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుంది. "లాడ్జి ఏంది సార్? ఈడ లాడ్జి మాటే లేదే."

"రెసిడెన్సీ అని ఉండాది కదమ్మా."

"రెసిడెన్సీ అంటే ఆర్టిస్టు ఒక కొత్త చోటికి పోయి, కొన్నాళ్లు ఆడనే ఉండి పని చేసుకునేది సార్. వాళ్ల మనిషి ఈడికి, మన మనిషి ఆడికి. వ్యాపారం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం."

"మరి నేను చెకౌట్ అని రాసినానే?"

"చెక్ చేసుకోకుండా రాసినారు" అంది, నవ్వు ఆపుకోవడానికి బ్లాక్‌బోర్డు వైపు తిరిగి.

ఆమె మిగతాది కూడా చదివి వినిపించింది. అక్కడికి రావలసింది ఎవరో వాళ్లే రాశారు. పరంజా మీద పెద్ద పెద్ద ముఖాలు గీసే ఆ మనిషి. అయితే ముందు ఆ చిత్రకారిణి స్వయంగా వచ్చి, ఇక్కడ ఒక కళాకారుడు ఉండి పని చేసుకునే వీలుందా, మా భాయ్ ఎలా పని చేస్తాడు అన్నది చూసి వెళుతుంది. వేరే రాష్ట్రంలో ఇంకో కేంద్రం కూడా అడుగుతోందట. ఇక్కడ కుదరకపోతే అక్కడ కుదుర్చుకుంటారు.

సిగ్గుపడటానికి కూడా ఆగకుండా నేను సైకిలెక్కి చెప్పుల దుకాణానికి పరుగెత్తాను. భాయ్ ఒక పెద్దాయన కాలికి చెప్పు తొడుగుతున్నాడు. నేను చెప్పింది విని, ఆ చెప్పు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"నన్నేనా? ఫ్లెక్స్ ఆయన్ను గాదు గదా?"

"నిన్నే."

కాసేపటికి తేరుకున్నాడు. తేరుకోగానే నాకు మూడింది. "అంటే సార్, నాతో మీరు లాడ్జి బోర్డు రాయించినారు! యా అల్లా! ఇంత చదువుకుని!" సాయంత్రానికి ఊళ్లో నా పేరు 'మేనేజర్ సాబ్' అయింది. టీ కొట్టుకు వెళితే, "మేనేజర్ సాబ్‌కు ఒక టీ! నాన్ ఏసీ!" అని భాయ్ కేక.

కానీ గోడౌనులో మేమిద్దరమే ఉన్నప్పుడు వేరే మాట చెప్పాడు. "నేను స్టిల్ ఫోటో చూసి గళ్లు కొట్టి గీసేవాణ్ణి సార్. ఆయమ్మ ఎదురుగా కూర్చుని గీయమంటే? చెయ్యి ఆడకపోతే? ఈ ఒక్కటి పోతే నేను చెప్పుల్లోనే చచ్చిపోతా."

బోర్డు దించేశాం. దించి, పారేయడానికి మనసొప్పక లోపల గోడకు ఆనించాం. నా రెండో తెలివితక్కువతనం అది.

ఆమె మధ్యాహ్నం వస్తుందనగా ఆ ఉదయం గోడౌను ముందు ఒక టెంపో ఆగింది. ఆదోని వైపు నుంచి మహానందికి పోతున్న జనం, ఆడా మగా కలిసి ఇరవై మందికి తక్కువ ఉండరు. వంటపాత్రలు, మూటలు, ఒక గ్యాస్ స్టవ్వు. ముందు వారం ఇటుగా పోతూ డ్రైవరు మా బోర్డు చూసి పెట్టుకున్నాడు. ఇంత పెద్ద మీసాల పెద్దాయన ఒకాయన దిగి, మెత్తటి గొంతుతో అడిగాడు.

"రూముకు ఎన్ని దుడ్లప్పా?"

"ఇది లాడ్జి కాదప్పా" అన్నాను.

ఆయన నా భుజం మీదుగా లోపలికి చూశాడు. "బోర్డు ఉండాది, మంచాలుండాయి. లాడ్జి కాదంటావు?"

"ఇది బొమ్మలు గీసుకునేవాళ్లు ఉండే చోటు."

"మేము గీతలు గీయలేము గానీ గీతాలు పాడతామప్పా. స్నానాలు చేసి, ఇంత వండుకుని తిని పోతాం. శానాసేపు ఉండము."

ఆ మాటతోనే ఆడవాళ్లు స్టవ్వు ముట్టించారు. గదులు నిండాయి, నాకు వేరే గతి లేకపోయింది. మధ్యాహ్నానికల్లా ప్లైవుడ్డు గోడల మీద తడి చీరలు, మంచాల మీద నిద్రపోయే మనుషులు, గోడౌనంతా ఎండుమిరపకాయల పోపు ఘాటు. ఆ ఘాటులోనే, తుమ్ముతూ, మా అతిథి లోపల అడుగుపెట్టింది.

భాయ్ ముఖం తెల్లబోయింది. శెట్టిగారు స్తంభం వెనక్కి వెళ్లారు, స్తంభం ఆయన్ను దాచలేకపోయింది. తర్జుమా చేయడానికి నేను పిలిపించిన ఇంగ్లీషు టీచరు నా వైపు చూసింది. నా నోటికి ఏది తోస్తే అది వచ్చింది. "రెసిడెంట్ ఆర్టిస్ట్స్" అన్నాను.

ఆమె కళ్లు వెలిగాయి. వీళ్లది ఏ కళ అని అడిగింది. ఇక మునిగిపోయామనుకున్నాను. టీచరు ఆ ప్రశ్నను తెలుగులోకి మార్చి మీసాల పెద్దాయనను అడిగింది. ఆయన చెయ్యి తుడుచుకుని, మూట విప్పి, గజ్జెలు బిగించిన చెక్కలు బయటికి తీశాడు.

"చెక్కభజన తల్లీ. మా నాయన కాలం నుంచి. శివరాత్రికి మహానందిలో ఆడనీకే పోతాండాం."

నేను నిజం పలికానని నాకే అప్పుడు తెలిసింది!

అడగడమే ఆలస్యం, మగవాళ్లు పది మంది వలయం కట్టారు. చేతుల్లో చెక్కలు ఒక్కసారిగా మోగాయి. పాత పత్తి దూది పైకప్పు నుంచి మంచులా రాలింది. నల్లటి కడప బండల నేల మీద కాళ్లు తాకుతుంటే మంచాలు అదిరాయి. ఆమె సంచి పక్కన పడేసి నేల మీదే కూర్చుండిపోయింది. నాకు ఒళ్లంతా ఒకటే ఉత్సాహం. శెట్టిగారైతే స్తంభం వదిలేసి తాళం వేస్తున్నారు.

భజన ఆగాక ఆమె భాయ్ వైపు తిరిగి, కుంచె పట్టినట్టు చెయ్యి గాల్లో ఆడించింది.

పాత బ్యానరు గుడ్డ గోడకు కొట్టాం. మీసాల పెద్దాయన ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. భాయ్ బొగ్గు పట్టుకుని చాలాసేపు గుడ్డనే చూశాడు. తర్వాత గబగబా గీశాడు, రంగు వేశాడు. చూస్తే ఎర్రటి కళ్లు, బిగిసిన దవడ, చెంప మీద లేని కత్తిగాటు. సినిమా పేరొక్కటే తక్కువ.

పెద్దాయన లేచి వచ్చి చూసుకుని అదిరిపడ్డాడు. "ఏమప్పా, నన్ను ఫ్యాక్షన్ నాయకుణ్ణి చేసినావు! ఇది చూస్తే మా ఇంటామె నాకు అన్నం పెడతాదా?"

జనం ఘొల్లుమన్నారు. భాయ్ నవ్వలేదు. కుంచె డబ్బాలో పడేసి నా దగ్గరికి వచ్చి, "నాకు ఈ ముఖమే వస్తాది సార్. పదేళ్లుగా ఇదే గీసినా. ఇంకోటి రాదు" అన్నాడు. ఆమెకు భాష తెలియకపోయినా డబ్బాలో పడ్డ కుంచె కనిపిస్తోంది.

పెద్దాయనకు మాత్రం ఈ గొడవేమీ పట్టలేదు. ఆయనకు తన ముఖం సరిగ్గా రావాలి, అంతే. "నా ముఖం ఈడ పెట్టుకుని నేను కూర్చుంటే నువ్వు గుడ్డ పక్క చూస్తావేందప్పా? నా పక్క చూడు" అని గదమాయించి మళ్లీ మంచమెక్కాడు.

భాయ్ వెనక్కి వెళ్లాడు. గుడ్డ తిప్పి కొట్టించాడు. ఈసారి బొగ్గు ముట్టుకోలేదు. పెద్దాయన ఎదురుగా చెక్కపెట్టె వేసుకుని కూర్చుని ఆయన ముఖంలోకి చూశాడు. ఇద్దరికీ సిగ్గేసేంతసేపు చూశాడు. పెద్దాయన ముక్కు గోక్కున్నాడు, పెళ్లాన్ని నీళ్లడిగాడు, ఈ ఏడు శనక్కాయ పంట ఎట్ల పోయిందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ కబుర్ల మధ్యలోనే భాయ్ లేచి గీయసాగాడు. ఒక గీత, ఒక చూపు. ఎరుపు డబ్బా వైపు ఒకసారి చెయ్యి పోయి వెనక్కి వచ్చింది. మేమంతా ఉన్న సంగతి మర్చిపోయాడు. ఆడవాళ్లు చీరలు మడిచేశారు, అన్నాలు తిన్నారు, డ్రైవరు హారను కొట్టాడు. ఆయనకు వినపడలేదు.

గుడ్డ మీద అలిసిపోయిన కళ్లు, వంగిన మీసం, ఏదో చెప్పబోతున్న పెదవి. పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. ఈసారి తన మీసం తడుముకుంటూ గుడ్డకు ముఖం దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది మా నాయన గదప్పా" అన్నాడు చివరికి. "ఆయనది ఒక్క ఫోటో గూడా లేదు. నువ్వెట్ల చూసినావు?"

రంగు ఆరనివ్వమన్నా వినలేదు. తడి గుడ్డను నలుగురూ నాలుగు మూలలు పట్టుకుని టెంపో పైన పరిచారు. ఆ ముఖం ఆకాశం వైపు చూస్తూ మహానంది దారి పట్టింది.

ఆమె తన సంచిలోంచి ఒప్పందం కాగితాలు తీసి అప్పుడే సంతకం చేసింది. నాతో ఒకే మాట అంది. మీ పెయింటరుకు మా దగ్గర ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉండదని. టీచరు దాన్ని తెలుగులో చెప్పగానే భాయ్ నన్ను రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పాడు. ఆయన చొక్కాకున్న నల్లరంగు నా తెల్లచొక్కాకు అంటింది. అది ఎన్ని ఉతుకులకూ పోలేదు, నేను పోగొట్టుకోవాలనీ అనుకోలేదు.

భాయ్ శెట్టిగారి కోటు అరువు తీసుకుని వెళ్లాడు. రెండు నెలలుండి వచ్చాడు. వచ్చాక చెప్పుల దుకాణం వైపు పోలేదు. మనుషులను ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖాలు గీయడం మొదలుపెట్టాడు. కూరలమ్మేవాళ్లు, హమాలీలు, చివరికి ఫ్లెక్స్ మిషనాయన కూడా వచ్చి కూర్చున్నాడు. అంతా బాగానే ఉంది, నా సంగతే బాగాలేదు. ఏ సభలో మైకు దొరికినా భాయ్ లాడ్జి కథ చెప్పేవాడు. ఏటేటా అందులో రూములు పెరిగేవి. ఒకసారి లిఫ్టు కూడా వచ్చింది. చివర్లో మాత్రం తప్పకుండా, "నేనైతే ఆడ జెండా పాతి వచ్చినా. నా గదిలోకి వచ్చినోళ్లంతా చప్పట్లే చప్పట్లు" అని ముగించేవాడు.

కొన్నేళ్లకు ఆ చిత్రకారిణి మళ్లీ వచ్చింది. ఇంగ్లీషు టీచరు పక్కన ఉండగా నన్ను ఒక సందేహం అడిగింది. మీ పెయింటరు మా దగ్గర ఒకరోజు రెప్ప వేయకుండా కూర్చున్నాడే, అది కర్నూలు సంప్రదాయమా అని. నాకేమీ అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. నేను సాయంత్రం భాయ్‌ని పట్టుకుని అడిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఎవురితోనూ అనొద్దు సార్, మీ కాళ్లు మొక్కుతా" అన్నాడు. నేను "చూద్దాం" అన్నాను. మాట ఇవ్వలేదు, గమనించండి.

నేను రిటైరైన ఏడాది కడపలో మా ఇద్దరికీ సన్మానం చేశారు. హాలు నిండా డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలు. భాయ్ మైకు తీసుకుని యథాప్రకారం లాడ్జి తెరిచాడు. ఈసారి నేను స్విమ్మింగ్ పూల్ కూడా కట్టించానట. పిల్లలు పడి పడి నవ్వారు. చప్పట్ల దగ్గర ముగించి, శాలువా సర్దుకుని కూర్చున్నాడు.

నేను లేచి మైకు అందుకున్నాను.

"పిల్లలూ, ఆ చప్పట్ల కథ సగమే చెప్పినాడు. ఒకరోజు వాళ్లు భాయ్‌తో, 'రేపు పది గంటలకు స్టూడియో, అందరూ వస్తారు' అన్నారు. అక్కడ స్టూడియో అంటే ఆర్టిస్టు పని చేసుకునే గది. మన భాయ్‌కి తెలిసిన స్టూడియో ఒక్కటే. తెల్లవారుజామునే స్నానం చేసి, ముఖానికి పౌడరు దట్టించి, శెట్టిగారి కోటు తొడుక్కుని, తన గదిలో కుర్చీ వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి, గడ్డం పైకెత్తి కూర్చున్నాడు, ఫోటో తీస్తారని. జనం వచ్చినారు. ఫోటోలు తీస్తే మర్యాద కాదని ఎవరూ కెమెరా తీయలేదు. ఈయన ఫ్లాష్ ఎప్పుడు పడుతుందోనని రెప్ప వేయలేదు. వాళ్లు బొమ్మల వైపు చూడటం మానేసి ఈయన చుట్టూ తిరిగి చూసినారు. ఇది కొత్త రకం కళ అనుకుని, చివరికి అందరూ నిలబడి చప్పట్లు కొట్టినారు."

హాలు ఒక్కసారిగా పేలిపోయింది. నేను పక్కకు తిరిగి చూశాను. భాయ్ లేచి పారిపోతాడనుకున్నాను, కనీసం నన్ను తిడతాడనుకున్నాను. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, గడ్డం పైకెత్తి, రెప్ప వేయకుండా బిగుసుకుని కూర్చున్నాడు. పిల్లలంతా నిలబడి చప్పట్లు కొడుతున్నారు.